థైరాయిడ్ ప్రతిదేహాల స్థాయి, జన్యువులు: ఒక పరిశోధనా పత్రంపై విమర్శ

అనువంశికత గురించి, ప్రతిరక్షక వ్యవస్థ గురించి ముందు భాగాల్లో చదివారు. ఈ భాగంలో కొత్త సిద్ధాంతమేమీ లేదు. ఒకే ఒక పరిశోధనా పత్రాన్ని ముందు పెట్టుకుని అది ఏం చెప్పింది, ఏం చెప్పలేదు, దాన్ని మన దగ్గర ఎలా వాడుతున్నారు అనే మూడు విషయాలను పరిశీలిస్తాం. పరీక్షలో నిర్వచనాలు రాయటానికి ఇది పెద్దగా ఉపయోగపడదు. ఎవరైనా ఒక ల్యాబ్ రిపోర్టు మీ చేతిలో పెట్టి "ఇదేంది?" అని అడిగిన రోజున ఉపయోగపడుతుంది.

అలాంటి సందర్భాన్నే ఊహించుకుందాం. మీరు చర్ల మండలంలో అడవి అంచున ఉన్న ఒక పల్లెలో ఆశా కార్యకర్తగానో టీచరుగానో పనిచేస్తున్నారు. ముప్పై ఏళ్ల మహిళ ఒకామె నీరసంగా ఉంటోందని భద్రాచలం వెళ్లింది. అక్కడ ఎవరో చెబితే కొత్తగూడెం మీదుగా ఖమ్మం దాకా వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంది. భద్రాచలం నుంచి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు. రిపోర్టులో రెండు అంకెలున్నాయి. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. యాంటీ టీపీఓ మాత్రం 420, దాని పక్కన ఎర్రగా ఒక బాణం గుర్తు. ఆమె అక్క ఇప్పటికే థైరాయిడ్ మాత్రలు వాడుతోంది. "మీ వంశంలోనే ఉందమ్మా" అని ఎవరో అన్నారు. ఇంటికి వచ్చాక ఆమె మిమ్మల్ని అడిగేది తన గురించి కాదు. "నా బిడ్డకు గూడ వస్తదా అక్కా?" అని అడుగుతుంది. బిడ్డకు పదకొండేళ్లు. ఇంకో ఏడెనిమిదేళ్లకు సంబంధాలు చూసేటప్పుడు ఈ "వంశంలో ఉంది" అన్న మాట ఎంత దూరం పోతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా ఆ రెండో అంకె ఏమిటో చూద్దాం. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను పట్టుకుని హార్మోన్ తయారు చేస్తుంది. ఆ పనిలో థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. దాన్నే కుదించి టీపీఓ అంటారు. కొందరిలో ప్రతిరక్షక వ్యవస్థ తన సొంత టీపీఓను పరాయిదిగా భావించి దానిపై ప్రతిదేహాలను, అంటే యాంటీబాడీలను, తయారు చేస్తుంది. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథుల్లో కనిపించిన మార్పును వర్ణించాడు. అది స్వయం ప్రతిరక్షక చర్య అని తెలియడానికి మరో 44 ఏళ్లు పట్టింది. 1956లో లండన్‌లో రాయిట్, డోనియాక్ బృందం హషిమోటో రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌పై పనిచేసే ప్రతిదేహాలను కనుక్కుంది. అదే ఏడాది అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్లలో అలాంటి స్థితినే కలిగించి చూపారు. టీఎస్‌హెచ్ గ్రంథి ఎలా పనిచేస్తోందో చెబుతుంది, యాంటీ టీపీఓ దానిపై దాడి జరుగుతోందా లేదా అని చెబుతుంది. ఈ రెండూ ఒకటి కావు. ఇక్కడ పొరబడితే తర్వాతదంతా పొరపాటే అవుతుంది.

ఇక పత్రానికి వద్దాం. ఇది 2014లో ప్లాస్ జెనెటిక్స్ పత్రికలో వచ్చింది. మొదటి రచయిత నెదర్లాండ్స్‌కు చెందిన మార్కో మెడిచి. అనేక దేశాల బృందాలు కలిసి చేసిన పని ఇది. మొదటి దశలో 18,297 మంది డీఎన్ఏను, వారి రక్తంలోని టీపీఓ ప్రతిదేహాలను పోల్చారు. వీరిలో 1,769 మందికి ప్రతిదేహాలు ఉన్నాయి, 16,528 మందికి లేవు. లక్షల సంఖ్యలో జన్యు గుర్తులను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఏ గుర్తు ఉన్నవారిలో ప్రతిదేహాలు ఎక్కువగా కనిపిస్తున్నాయో చూశారు. ప్రతిదేహాలు ఉన్నాయా లేవా అనే ప్రశ్నకు టీపీఓ జన్యువు దగ్గర, ఏటీఎక్స్‌ఎన్2 దగ్గర, బాక్2 దగ్గర గుర్తులు దొరికాయి. ఉంటే ఎంత ఉన్నాయి అనే ప్రశ్నకు మళ్లీ టీపీఓ, దానితో పాటు మాగి3, కేఏఎల్‌ఆర్‌ఎన్ దొరికాయి.

ఈ పత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ విభజనే. "ఉండటం" వేరు, "ఎంత ఉండటం" వేరు అని వాళ్లు రెండు ప్రశ్నలుగా అడిగారు, రెండు జాబితాలు వచ్చాయి. రెండిటిలోనూ ఉన్నది టీపీఓ ఒక్కటే. దాడి మొదలవటానికి తోడ్పడే కారణాలు, దాడి తీవ్రతను పెంచే కారణాలు పూర్తిగా ఒకటి కాకపోవచ్చు అన్న సూచన ఇందులో ఉంది. మన ల్యాబుల ఎర్ర బాణం ఈ రెండిటినీ కలిపేస్తుంది. పైగా "ఎంత" అనే ప్రశ్నకు అంకె కూడా నిలకడగా ఉండదు. ఒక కంపెనీ కిట్‌కు 9 దాటితే ఎక్కువ, ఇంకొక దానికి 34 దాటితే, మరొక దానికి 60 దాటితే. ఖమ్మంలో ఒక ల్యాబ్ ఇచ్చిన 420ని ఆరు నెలల తర్వాత వేరే ల్యాబ్ ఇచ్చిన 250తో పోల్చి "తగ్గింది" అనుకోవటం, తూకం రాళ్లు మారిన రెండు సంతల్లో బరువు పోల్చటం లాంటిది.

రెండో విషయం జన్యువు పేరు. ఇలాంటి అధ్యయనం వీధి పేరు చెబుతుంది కానీ ఇంటి నంబరు చెప్పదు. మాగి3 పక్కనే క్రోమోజోమ్‌పై పీటీపీఎన్22 అనే జన్యువు ఉంది. స్వయం ప్రతిరక్షక వ్యాధుల్లో దాని పాత్ర అప్పటికే బాగా తెలుసు. కాబట్టి దొరికిన గుర్తు మాగి3దా, పొరుగింటిదా అన్న సందేహం సహజం. దీని తర్వాతి చిక్కు మనకు ఇంకా ముఖ్యం. పీటీపీఎన్22లో వ్యాధికి సంబంధించిన ప్రసిద్ధ మార్పు ఉత్తర ఐరోపా ప్రజల్లో సాధారణం, ఆసియా జనాభాల్లో చాలా అరుదు. మెడిచి బృందం కనుగొన్నది ఐరోపా సంతతి వారిలో. ఆ పత్రం ఆ సంగతి దాచలేదు. దాన్ని ఇక్కడ వాడేవారే ఆ వాక్యాన్ని దాటేసి చదువుతారు.

మూడో విషయం దగ్గర కాసేపు ఆగుదాం. తెలిసిన గుర్తులన్నిటినీ కలిపి వాళ్లు ఒక జన్యు ప్రమాద స్కోరు కట్టారు. తక్కువ స్కోరు వారితో పోలిస్తే ఎక్కువ స్కోరు ఉన్నవారిలో ప్రతిదేహాలు ఉండటానికి ఆడ్స్ నిష్పత్తి 2.18 వచ్చింది. "రెట్టింపు ప్రమాదం" అని వార్తల్లో రాసేది దీన్నే. కాగితం తీసుకుని మీరే లెక్క వేయండి. తక్కువ స్కోరు గుంపులో నూటికి 7 మందికి ప్రతిదేహాలు ఉన్నాయనుకుందాం. ఇది లెక్క కోసం నేను తీసుకున్న అంకె, పత్రంలోది కాదు. 7ను 93తో భాగిస్తే ఆడ్స్ సుమారు 0.075. దాన్ని 2.18తో గుణిస్తే 0.164. దాన్ని మళ్లీ నూటికి మారిస్తే సుమారు 14 మంది. అంటే జన్యువుల పరంగా బాగా "దురదృష్టవంతులు" అనిపించుకున్న నూరుగురిలో కూడా 86 మందికి ప్రతిదేహాలే లేవు. ఆ స్కోరు పెట్టి ఒక మనిషి భవిష్యత్తు చెప్పలేమని ఈ లెక్కే చెబుతోంది. నూటికి 7కు బదులు 12 తీసుకుని ఇదే లెక్క మళ్లీ చేసి చూడండి.

ఇంకొక అంకెను ఆ పత్రం చదివేవారు చాలామంది గమనించరు. ఎక్కువ స్కోరు ఉన్నవారిలో టీఎస్‌హెచ్ పెరిగే అవకాశం ఎక్కువగా ఉంది, ఆడ్స్ నిష్పత్తి 1.51. కానీ గాయిటర్, అంటే మెడవాపు, ఉండే అవకాశం తక్కువగా ఉంది, 0.77. దాడికి గురైన గ్రంథి క్రమంగా కుంచించుకుపోవటం దీనికి ఒక వివరణ కావచ్చు. మన ప్రాంతంలో దీని అర్థం ఏమిటో ఆలోచించండి. థైరాయిడ్ అంటే ఊళ్లో అందరూ చూసేది మెడ. మెడ వాయకపోతే థైరాయిడ్ లేదనే అనుకుంటారు. స్వయం ప్రతిరక్షక వ్యాధి వైపు మొగ్గు చూపే జన్యువులున్నవారికి మెడ సాఫీగానే ఉండవచ్చు. నీరసం, మలబద్ధకం, నెలసరి తేడాలు మాత్రం ఉంటాయి.

ఇప్పుడు "వంశంలో ఉంది" అన్న మాటను పట్టుకుందాం. ఈ మాటకు శాస్త్రంలో ఆధారం లేకపోలేదు. డెన్మార్క్‌లో హెగెడ్యూస్, బ్రిక్స్ బృందం కవలలపై చేసిన అధ్యయనాలు ఈ రంగంలో ప్రసిద్ధం. ఆరోగ్యవంతులైన కవలల్లో థైరాయిడ్ ప్రతిదేహాలు ఉండటంలో కనిపించే తేడాలకు జన్యు కారకాల వాటా సుమారు 73 శాతమని 2006లో వారు లెక్కగట్టారు. ఈ 73 చూడగానే చాలామంది "అయితే నూటికి 73 వంతులు జన్యువులే, మనం చేయగలిగింది 27 వంతులే" అనుకుంటారు. మీరు మాత్రం అలా చదవకండి. అనువంశికత శాతం ఒక జనాభాలో, ఒక కాలంలో, మనుషుల మధ్య ఉన్న తేడాల గురించిన లెక్క. ఒక మనిషిలో వ్యాధి ఎంత వంతు జన్యువుల వల్ల వచ్చింది అనే లెక్క కాదు. ఆ జనాభాలో అందరి తిండీ ఇంచుమించు ఒకటే అయితే తేడాలకు మిగిలేది జన్యువులే, శాతం పెరుగుతుంది. అందరూ ఒకే ఉప్పు తినే చోట ఉప్పు ప్రభావం ఆ లెక్కలో కనిపించదు.

దీనికి రుజువు అదే డెన్మార్క్‌లో ఉంది. ఆ దేశంలో అయోడిన్ కొంత తక్కువ. 2000లో ఉప్పులో అయోడిన్ కలపటం తప్పనిసరి చేశారు. 1997-98లో ఒకసారి, 2004-05లో మరోసారి రక్తపరీక్షలు చేశారు. టీపీఓ ప్రతిదేహాలు ఉన్నవారు 14.3 శాతం నుంచి 23.8 శాతానికి పెరిగారు. ఈ పెరుగుదల యువతుల్లో, తక్కువ స్థాయి ప్రతిదేహాల్లో ఎక్కువగా కనిపించింది. ఆ ఏడేళ్లలో డెన్మార్క్ ప్రజల జన్యువులు మారలేదు. మారింది ఉప్పు. ఒకే దేశం నుంచి 73 శాతమూ వచ్చింది, ఈ పెరుగుదలా వచ్చింది. రెండూ నిజమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవని పాఠకుడు అనువంశికత గురించి ఎంత చదివినా చదవనట్టే అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. "అయోడిన్ ఉప్పు వల్లే థైరాయిడ్ వస్తోంది" అని దీన్ని తిప్పి చెప్పేవారు ఉంటారు. అయోడిన్ లోపం వల్ల గర్భంలోని శిశువు మెదడుకు జరిగే నష్టం తిరిగి సరిచేయలేనిది. కొంతమందిలో ప్రతిదేహాలు పెరగటం దానికి సమానమైన నష్టం కాదు. ఈ రెండిటినీ ఒకే త్రాసులో వేయకండి.

మన వైపు కథ డెన్మార్క్ కథకు చాలా ముందే మొదలైంది. అందులో ముఖ్యుడు తెలుగువాడు కావటం వల్ల నేను దాన్ని వదలలేను. శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్డా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఆ లోయలో గాయిటర్ తరతరాలుగా ఉంది. తల్లికి, కూతురికి, మనవరాలికి మెడవాపు కనిపించే చోట అది వంశంలో ఉందనుకోవటంలో ఆశ్చర్యం లేదు. లోయను మూడు భాగాలు చేసి రెండిటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లలోనే అయోడిన్ ఉప్పు తిన్న భాగాల్లో గాయిటర్ బాగా తగ్గింది. కుటుంబంలో నడిచేదంతా జన్యువుల్లో నడిచేది కాదని ఇంతకన్నా స్పష్టంగా చూపిన ప్రయోగం మన దేశంలో మరొకటి నాకు కనిపించదు. కుటుంబం జన్యువులను పంచుకుంటుంది. అదే కుండలో కూర, అదే సంచిలో ఉప్పు, అదే చెలమలో నీళ్లు కూడా పంచుకుంటుంది.

1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1992లో దాని పేరు అయోడిన్ లోప రుగ్మతల కార్యక్రమంగా మారింది. 2006 మేలో అయోడిన్ లేని ఉప్పును తినటానికి అమ్మటం దేశమంతటా నిషేధించారు. కొనేవారి చేతికి చేరేసరికి ఉప్పులో పది లక్షల భాగాలకు కనీసం 15 భాగాల అయోడిన్ ఉండాలి. గోదావరి ఒడ్డున వానాకాలంలో తెరిచిన ప్యాకెట్ పొయ్యి దగ్గర చెమ్మెక్కి ఉంటే, గల్లుప్పు విడిగా కొని మూత లేని కుండలో పోసుకుంటే, ఆ 15 అలాగే ఉండదు. వెదురు మొలకలు తినే ఇళ్లలో మరో సంగతి ఉంది. వాటిలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. అది శరీరంలో థయోసయనేట్‌గా మారి, థైరాయిడ్ అయోడిన్‌ను తీసుకోకుండా అడ్డుపడుతుంది. మొలకలను ఉడికించి ఆ నీళ్లు పారబోసే పద్ధతి దీన్ని చాలావరకు తగ్గిస్తుంది. ఈ పద్ధతి పాటించేవారిని "పాతకాలపు వాళ్లు" అని నవ్వేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

మరి భారతీయుల సంగతి చెప్పే అధ్యయనం లేదా? ఉంది. 2013లో ప్రచురితమైన ఎనిమిది నగరాల సర్వేలో 5,376 మంది పెద్దవారిని పరీక్షించారు. 10.95 శాతం మందికి హైపోథైరాయిడిజం, 21.85 శాతం మందికి టీపీఓ ప్రతిదేహాలు ఉన్నాయని తేలింది. ఆ ఎనిమిదిలో మనకు దగ్గరిది హైదరాబాద్. పేరులోనే ఉన్నట్టు అది నగరాల సర్వే. జన్యువుల పత్రం ఐరోపా వారిది, ప్రతిదేహాల సర్వే నగరాలది. దుమ్ముగూడెం మండలంలోని ఒక కోయ పల్లె ఈ రెండిటికీ వెలుపలే ఉంది. ఆ పల్లెలోని మనిషికి ఈ రెండు పత్రాల నుంచి అంకెలు తెచ్చి అతికించేటప్పుడు ఈ దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి.

"మేనరికం వల్లే" అన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. దీన్ని కొంచెం జాగ్రత్తగా విడదీయాలి. టీపీఓ జన్యువు రెండు ప్రతుల్లోనూ తీవ్రమైన లోపం ఉంటే బిడ్డ పుట్టుకతోనే హార్మోన్ సరిగా తయారు చేయలేదు. అది అంతర్గత లక్షణంగా సంక్రమించే అరుదైన స్థితి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు అలాంటి వాటి అవకాశాన్ని పెంచుతాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2009లో వచ్చిన నేచర్ పత్రిక అధ్యయనం, మన దేశంలో అనేక సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని చూపింది. అందులో తెలుగు వైశ్యుల ఉదాహరణ ప్రముఖం. అలాంటి సమూహాల్లో అంతర్గత వ్యాధుల ముప్పు నిజమే. హషిమోటో వ్యాధి అలాంటిది కాదు. అనేక జన్యువులు తలా కాస్త వంతు వేస్తే, దానిపై అయోడిన్, గర్భధారణ, ఇన్ఫెక్షన్లు వంటివి చేరితే వచ్చేది. ఒకే టీపీఓ జన్యువు, రెండు వేర్వేరు కథలు. ఒక కథలోని భయాన్ని తెచ్చి రెండో కథలో పెట్టటం వల్ల ఎన్ని ఇళ్లలో తల్లులు నిందలు మోశారో లెక్క ఎవరూ తీయలేదు.

చర్ల మహిళ దగ్గరికి తిరిగి వద్దాం. ఆమె టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది, ప్రతిదేహాలు మాత్రమే ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్ ప్రాంతంలో 20 ఏళ్ల పాటు గమనించినప్పుడు, ఇలా ప్రతిదేహాలు మాత్రమే ఉన్న స్త్రీలలో ఏడాదికి సుమారు 2.1 శాతం మంది హైపోథైరాయిడిజానికి చేరారు. టీఎస్‌హెచ్ కూడా పెరిగి ఉన్నవారిలో అది 4.3 శాతం. ఇదీ విదేశీ అంకే. కానీ జన్యు స్కోరులా కాకుండా ఇది ఆమె వేసుకోవలసిన తర్వాతి అడుగును చెబుతుంది. ప్రతిదేహాల పరీక్ష మళ్లీ మళ్లీ చేయించటానికి డబ్బు పెట్టనక్కరలేదు. ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూస్తే చాలు, గర్భం వస్తే మొదటి నెలల్లోనే చూడాలి. నీరసానికి రక్తహీనత కారణమేమో కూడా చూడాలి. మన పల్లెల్లో నీరసానికి అది చాలా మామూలు కారణం, ఆమె రిపోర్టులో హిమోగ్లోబిన్ అంకె లేనే లేదు.

కూతురి గురించి ఆమె అడిగినదానికి "రాదు" అని చెప్పలేరు, "వస్తుంది" అని అసలే చెప్పలేరు. తల్లికి, పెద్దమ్మకు ఉన్నప్పుడు ఆ అమ్మాయికి అవకాశం ఇతరులకన్నా కొంత ఎక్కువ. ఒకే జన్యువులున్న కవలల్లో సైతం ఒకరికి గ్రేవ్స్ వ్యాధి, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసే మరో స్వయం ప్రతిరక్షక వ్యాధి, వస్తే రెండో వారికి రావటం డెన్మార్క్‌లో నూటికి 35 సందర్భాల్లోనే కనిపించింది. కవలలకే అలా ఉంటే తల్లీకూతుళ్లు సగం జన్యువులే పంచుకుంటారు. పదకొండేళ్ల పిల్లకు ఇప్పుడు యాంటీ టీపీఓ పరీక్ష చేయిస్తే తేలేదేమీ ఉండదు, ఎర్ర బాణంతో ఇంకో కాగితం వస్తుందంతే. ఎదుగుదల ఆగినట్టు, చదువులో ఉన్నట్టుండి వెనకబడినట్టు, నెలసరి అస్తవ్యస్తంగా ఉన్నట్టు కనిపిస్తే అప్పుడు టీఎస్‌హెచ్ చేయించమనండి. ఒకవేళ తక్కువ పనిచేస్తోందని తేలినా, రోజుకొక మాత్రతో సరిపోయే వ్యాధి అది. ఈ చివరి మాటను తల్లితో పాటు, వీలైతే పెద్దమ్మతో, నాయనమ్మతో కూడా చెప్పండి. సంబంధాల మాట వచ్చినప్పుడు ఇంట్లో మాట్లాడేది వాళ్లే.